తలకిందుల తాటాకు

దయ్యాలున్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. నిజానికి వాటితో నాకు కొంతకాలం వృత్తి సంబంధం ఉండేది. అరవైల మొదట్లో నెల్లూరులో ఒక వారపత్రికకు డిటెక్టివ్ పుస్తకాల సమీక్షలు రాసేవాణ్ని. ఏడాదికి ఇరవై ముప్ఫై దయ్యాలు నా బల్ల మీదికి వచ్చేవి. వాటిలో ఒక్కదానికీ చేతులు సరిగ్గా గీసిన పాపాన ఎవరూ పోలేదు. చివరి పేజీకి వచ్చేసరికి అవన్నీ ఎవరో ఒక మేనమామ కప్పుకున్న దుప్పటిగా తేలేవి. అలాంటి పని చేసినవాడికి భయం పుట్టించడం కష్టం.

కనుక ఇది దయ్యం కథ కాదు. ఒక సమీక్షలో నేను పట్టిన తప్పు గురించి. ఆ సమీక్ష అచ్చయింది. ఆ కాగితం ముక్క ఇప్పటికీ ఉంది. నా దగ్గర కాదు, ఎక్కడుందో చివర చెబుతాను. జ్ఞాపకం అబద్ధమాడినా అచ్చు ఆడదు కదా అన్న ధైర్యంతోనే ఇదంతా రాస్తున్నాను.

పగలు నేను కాలేజీలో తర్కశాస్త్రం ట్యూటరుని. సాయంత్రాలు మూలాపేటలోని నా అద్దె గదిలో హంతకుల వెంట తిరిగేవాణ్ని. వాళ్లలో నాకు ఎక్కువ పరిచయమున్నవాళ్లు ‘నల్లతాడు’ అనే నెలవారీ బొమ్మల పుస్తకంలో ఉండేవాళ్లు. మద్రాసులో అచ్చయ్యేది. పేజీకి ఆరు గళ్లు, గడికొక బొమ్మ, బొమ్మ కింద రెండు వాక్యాలు. నాయకుడు వీరాసామి, ఉద్యోగం ఊడిన హెడ్ కానిస్టేబులు. అందరికంటే ఆలస్యంగా నిజం కనుక్కునేవాడు. ఎవరూ అతనికి కృతజ్ఞతలు చెప్పేవాళ్లు కాదు. కొట్టడం, పొడవడం, శవాన్ని మాయం చేయడం అన్నీ దాపరికం లేకుండా చూపించేవాళ్లు. నలుపు మీద ఎరుపు రంగు వేరేగా అచ్చు వేసేవాళ్లు కాబట్టి గాయం ఒకచోట, నెత్తురు పావు అంగుళం పక్కన ఉండేది.

అయినా ఆ పుస్తకం అంటే నాకు ఇష్టం. అందులో చచ్చినవాళ్లు నిజంగా చచ్చేవాళ్లు. నా ఇష్టాన్ని నేను తప్పులు పట్టడం ద్వారా చూపించేవాణ్ని. తప్పు కనిపించిన చోట పెన్సిలుతో సున్న చుట్టి, పక్కన మార్జిన్‌లో ఒక ముక్క రాసుకుని, అన్నీ కలిపి సమీక్షలో పెట్టేవాణ్ని. పాఠకులకు పుస్తకం కంటే ఆ తప్పులే బాగా నచ్చుతున్నాయని మా ఎడిటర్ గారు అనేవారు. ఆయన దృష్టిలో అది పొగడ్త.

ఇక మా చిన్నాయన సంగతి చెప్పాలి.

మా నాన్న తమ్ముడు దేవదానం. గూడూరు దగ్గర కోట అనే ఊరికి తూర్పున, సముద్రానికి కాస్త ఇవతల ఉన్న ఉప్పు కయ్యల్లో మేస్త్రీ. ఎండాకాలమంతా పండిన ఉప్పును గట్ల మీద ఇల్లంత ఇల్లంత కుప్పలు పోసి, పెద్ద వానలకు ముందే తాటాకు కప్పించడం ఆయన పని. మెడలో ఒక ఈల ఉండేది. కూలీలను పిలవడానికి, పని ఆపించడానికి, పిల్లల్ని అదిలించడానికి అదే ఈల. స్కూలు సెలవుల్లో నేను అక్కడికి పోయేవాణ్ని. తాటాకు కప్పడం నాకు నేర్పింది ఆయనే. కుప్పకు అడుగు నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. పై వరస కింది వరస మీదికి రావాలి. అప్పుడే వాన నీళ్లు ఆకు మీద నుంచి ఆకు మీదికి జారి నేల మీద పడతాయి. ఎవరైనా పైనుంచి కిందికి కప్పితే ప్రతి వరసా ఒక దోసిలి పట్టినట్టుంటుంది, నీళ్లన్నీ లోపలికే పోతాయి. నేను ఒకసారి అలా కప్పితే చిన్నాయన అంతా పీకించి మళ్లీ కప్పించాడు. చేతులు కోసుకుపోయాయి. మరిచిపోలేదు.

నేను చెప్తున్న ఏడాది, కుప్పలు కప్పే రోజుల్లో, ఒక శనివారం పొద్దున చిన్నాయన కయ్యలకు పోయి తిరిగి ఇంటికి రాలేదు. అదే వారంలో పులికాట్ వైపు నుంచి కూలికి వచ్చిన ఒక ఆడమనిషి కూడా చెప్పకుండా వెళ్లిపోయింది. ఇద్దరు కనిపించకపోతే ఊరికి అంతకంటే ఏం కావాలి. కూడిక ఎవరైనా చేయగలరు.

నెల తిరిగేసరికి చర్చి సంఘం పెద్దలు కూర్చుని చిన్నాయన పేరు సంఘం పుస్తకంలోంచి కొట్టేశారు. మా చిన్నమ్మ రూతమ్మ గుడికి పోవడం మానలేదు. ముందు వరసలో కూర్చునే మనిషి వెనక గోడ దగ్గరికి పోయి కూర్చుంది. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ రమ్మనలేదు. ఆమెకు తెలియాల్సింది ఒక్కటే. తాను మొగుడు వదిలేసిన ఆడదా, మొగుడు పోయిన ఆడదా. ఎవరు అడిగినా, “ఆయన అట్టాంటోడు గాదు,” అనేదట. ఆ మాట ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకామె అంటూనే ఉంటుంది కాబట్టి ఎవరూ లెక్కచేయలేదు.

నేనూ లెక్కచేయలేదు. ఇంకా చెప్పాలంటే, ట్రంకురోడ్డు మీది కాఫీ హోటల్లో స్నేహితులు అడిగితే, మా చిన్నాయనకు యాభయ్యో ఏట ధైర్యం వచ్చిందని చెప్పాను. అందరూ నవ్వారు. ఆ మాట రెండు మూడు చోట్ల మళ్లీ వాడుకున్నాను కూడా. కోటకు పోలేదు. చిన్నమ్మకు కార్డు ముక్క రాయలేదు. ఏడాదిగా ఆ ఛాయలకే వెళ్లలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

చిన్నాయన పోయిన రెండు నెలలకు ‘నల్లతాడు’ కొత్త సంచిక పోస్టులో వచ్చింది. ఎప్పటిలాగే మట్టిరంగు కాగితంలో చుట్టి, మీద నా పేరు టైపు చేసి ఉంది. ఆదివారం గుడి నుంచి వచ్చి, భోజనం చేసి, వరండాలో వెలుతురులో కూర్చుని చదివాను. నిద్రమత్తు లేదు, జ్వరం లేదు. భోజనంలో చేపల పులుసు తప్ప చెప్పుకోదగ్గది లేదు.

కథ మద్రాసు రేవులో జరుగుతుంది. గిడ్డంగుల్లో ఒక కాపలావాణ్ని చంపి శవాన్ని మాయం చేస్తారు. ముప్ఫయ్యొకటో పేజీ ఐదో గడిలో వీరాసామి ఒకణ్ని గొంతు పట్టుకుని, “శవాన్ని ఎక్కడ దాచారు?” అని అడుగుతాడు. ఆరో గడిలో జవాబు ఉండాలి. ఉంది. ఉప్పు కుప్ప.

రేవు కథలోకి ఉప్పు కయ్యలు ఎందుకొచ్చాయని నేను ఆశ్చర్యపోలేదు. ఆ పుస్తకంలో ఎగ్మూరులో ఎక్కిన రైలు ఏలూరు దాటి తిరువళ్లూరు చేరిన సందర్భాలు ఉన్నాయి. నేను చూసింది వేరు. కుప్ప మీది తాటాకు తలకిందులుగా ఉంది. పైనుంచి కిందికి కప్పారు. ప్రతి ఆకూ శ్రద్ధగా, ఈనె ఈనె కనపడేలా గీసి, వరసలు మాత్రం తప్పుగా పేర్చారు. కుప్ప ముందు గట్టు మీద ఒక ఆడమనిషి, మనవైపు వీపు పెట్టి, కుడిచేతిలో చెప్పుల జత పట్టుకుని నిలుచుంది. పేజీ మొత్తంలో ఎరుపు లేని బొమ్మ అదొక్కటే. సున్న చుట్టాను. మార్జిన్‌లో ‘తాటాకు తలకిందులు’ అని రాశాను. ఆడమనిషి వైపు బాణం గుర్తు వేసి ‘ఎవరీమె?’ అని రాశాను.

మర్నాడు పుస్తకం పట్టుకుని ప్రెస్సుకు పోయి ఎడిటర్ గారికి ఆ పేజీ చూపించాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి చూశారు.

“తాటాకు సంగతి నాకు తెలవదు గానీ,” అన్నారు, “ఈ చెప్పుల మనిషి ఎవరయ్యా?”

“నేనూ అదే రాసుకున్నాను సార్.”

“ఎండలో ఒట్టి కాళ్లతో ఎందుకు నిలబడింది?”

ఉప్పు కయ్యల గట్ల మీద మా వైపు వాళ్లెవరూ చెప్పులతో నడవరని ఆయనకు చెప్పాను. మట్టి రాలి ఉప్పులో పడుతుందని విప్పి చేత్తో పట్టుకుంటారు. చిత్రకారుడికి తాటాకు తెలియకపోయినా చెప్పుల సంగతి తెలుసని ఇద్దరం మెచ్చుకున్నాం. పుస్తకం ఆయన సొరుగులో పెట్టుకున్నారు. ఈ సంభాషణ జరిగిందని తర్వాత చాలామంది ముందు ఆయన ఒప్పుకున్నారు కాబట్టి రాస్తున్నాను.

గురువారం సంచికలో నా సమీక్ష వచ్చింది. ఆ భాగం ఉన్నదున్నట్టు ఇదీ:

“శవాన్ని ఉప్పు కుప్పలో దాచారు. ఆలోచన మంచిదే, పనితనం బాగాలేదు. తాటాకు పైనుంచి కిందికి కప్పారు. మా తీరంలో పసిపిల్లలు కూడా అలా కప్పరు. ఒక్క వాన పడితే ఉప్పూ శవమూ చేయీ చేయీ పట్టుకుని సముద్రానికి పోతాయి. పక్కన ఒక ఆడమనిషి చేతిలో చెప్పులతో నిలుచుంది. ఎవరో తెలియదు. కథకు ఆమెతో పని లేదు.”

సోమవారం పొద్దున నేను కాలేజీకి బయల్దేరుతుంటే చిన్నమ్మ వచ్చింది. కోట నుంచి మొదటి బస్సు పట్టుకుని గూడూరు, అక్కడి నుంచి నెల్లూరు. చేతిలో ఒక సంచి, సంచిలో మా పత్రిక. మా వైపు ఆ పత్రిక చదివేవాళ్లు నలుగురైదుగురు. అందులో బడి పంతులు ఒకడు, నా పేరు కనిపించిందని తెచ్చి ఆమెకు ఇచ్చాడట. చిన్నమ్మకు చదువొచ్చు. బైబిలు చదివే చదువు, నిదానంగా, వేలు పెట్టి, ఒక్క మాట వదలకుండా.

మంచినీళ్లు ఇచ్చాను. తాగింది. ఇన్నాళ్లూ రాలేదేమని అడుగుతుందని గొంతులో నాలుగు సాకులు సిద్ధం చేసుకున్నాను. అడగలేదు.

“ఈ కుప్ప నువ్వు యాడ చూసినావు నాయనా?”

“పుస్తకంలో చిన్నమ్మా. మద్రాసు వాళ్లు వేసినారు.”

“మద్రాసు వాళ్లకి మన తాగుబోతు కుప్ప ఎట్ట తెలిసింది?”

“ఏం కుప్ప?”

“మూడో వరసలో కొసాకరి కుప్ప. ఎవురు కప్పినారో ఏమో, ఆకంతా తలకిందులు. తాగి కప్పినట్టుండాదని జనం ఆ పేరు పెట్టినారు. రెండు నెల్ల నుంచి దాన్ని జూసి నవ్వుకుంటా ఉండారు.” సంచి ఒళ్లో పెట్టుకుంది. “నేనూ నవ్వినాను నాయనా. ఆయన కనపడకుండా పొయినాక నేను నవ్విందంటే ఆ ఒక్కసారే.”

నాకు అప్పటికీ తట్టలేదు. తర్కశాస్త్రం చెప్పేవాడికి రెండు సంగతులు పక్కపక్కన పెట్టిచ్చినా కలపడానికి టైము పట్టింది. ఆమె బస్సులో నాలుగు గంటలు అదే కలుపుకుంటూ వచ్చింది.

“ఆ శవం అని రాసినావే, ఎవురిది?”

“కథలో కాపలావాడిది.”

“పేరు లేదా?”

“పేరు పెట్టలేదు.”

“అయితే లెయ్యి. పోదాం. ఈ వారంలో ఆ కుప్ప లారీకి ఎత్తతారంట.”

కాలేజీకి సెలవు చీటీ పంపి ఆమె వెంట బయల్దేరాను. ఆమె మాట నమ్మి వెళ్లాననుకోకండి, దారి పొడుగునా ఆమెను ఏదో రకంగా సముదాయించి వెనక్కి పంపాలనే నా ఆలోచన. బొమ్మల పుస్తకం పట్టుకుని కుప్ప తవ్వించామని కోటంతా చెప్పుకుంటుందని భయం. నా పరువు గురించి నాకు అప్పుడు గట్టి అభిప్రాయాలు ఉండేవి.

కయ్యల దగ్గరికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. కళ్లు తెరవలేనంత తెల్లటి ఎండ. కూలీలు పది పన్నెండుమంది నీడన సద్ది తింటున్నారు. మూడో వరస చివర ఆ కుప్ప ఉంది. అందరూ నవ్విన కుప్ప. పక్కన కుప్పలన్నీ దువ్విన తలల్లా ఉన్నాయి. ఇదొక్కటే చెదిరిన పిట్టగూడులా ఉంది. ఎవరు కప్పారని అడిగితే ఒక జట్టువాళ్లు రెండో జట్టు పేరు చెప్పారు, రెండో జట్టువాళ్లు మొదటి జట్టు పేరు. రెండు నెలలుగా ప్రతి జట్టూ అది పక్క జట్టు తెలివితక్కువతనమనుకుని సంతోషంగా ఉంది. మేస్త్రీ ఉంటే మొదటి రోజే పీకించేవాడు. మేస్త్రీ లేడు కదా అని సరిచేయలేదు.

కాపలా మనిషి అడ్డం వచ్చాడు. కుప్ప ముట్టుకోవడానికి ఆర్డరు కావాలన్నాడు. చిన్నమ్మ చెప్పులు విప్పి కుడిచేతిలో పట్టుకుంది.

“మా ఆయన ఉంటే దీన్నిట్టా ఒక్క పూట ఉండనిచ్చేవోడు గాదు,” అంది. “ఆయన చేసే పని నేను చేస్తా ఉండా. తప్పుకో అబ్బయా.”

అతను తప్పుకున్నాడు. ఆమె ఎడమచేత్తో అందిన వరస ఆకు పట్టుకుని లాగింది. ఒక ఆకు, రెండో ఆకు. అప్పుడు కూలీల్లో ఒక ముసలామె తింటున్న ముద్ద వదిలేసి లేచి వచ్చింది. ఆమె వెనక మిగతావాళ్లు వచ్చి కుప్ప ఎక్కారు. చిన్నమ్మ పక్కకు జరిగి గట్టు మీద నిలబడింది.

నేను పది అడుగుల వెనక ఉన్నాను. దగ్గరికి పోవడానికి ధైర్యం చాలలేదు, అంతే. చిన్నమ్మ వీపు, కుడిచేతిలో చెప్పుల జత, ఆమె ముందు తలకిందుల తాటాకు సగం కుప్ప. అన్నీ ఒక్క చూపులో పట్టాయి. నేను నిలబడిన చోటు బొమ్మ గీసినవాడు నిలబడిన చోటే.

ఎండ మండిపోతుండగా నాకు చలి వేసింది. ఇంతకంటే వర్ణించను.

కుప్ప నెత్తిన ఉప్పు తవ్వితే మూరెడు లోతున చెయ్యి కనబడింది. తర్వాత భుజం. ఉప్పు తన పని తాను చేసింది. మనిషిని గుర్తుపట్టడానికి ఎవరూ ఇబ్బంది పడలేదు. తల వెనక దెబ్బ ఉంది. మెడలో ఈల ఉంది. ఆ ఈల నల్లతాడుకు కట్టి ఉంది. చిన్నాయన ఎప్పుడూ నల్లతాడే వాడేవాడు, అందులో విశేషమేమీ లేదు. నేను గమనించాను, అంతే.

ఆ కుప్ప మీద వేసిన జోకులు అందరికీ గుర్తొస్తున్నాయని ముఖాలు చూస్తే తెలుస్తోంది. సరిచేయాల్సిన మేస్త్రీ రెండు నెలలుగా అందులోనే ఉన్నాడు.

చిన్నమ్మ ఏడుస్తుందని ఆడవాళ్లు పట్టుకోవడానికి వచ్చారు. ఆమె కూలీల వైపు తిరిగింది.

“పులికాట్‌కి పోలేదు గదా?” అంది. అది ప్రశ్న కాదు. అయినా ముసలామె తలూపింది. “లేదమ్మా. యాడికీ పోలేదు.”

తర్వాత పోలీసులు వచ్చారు. వాళ్లు మొదట అనుమానించింది నన్నే. ఆలోచిస్తే అది న్యాయమే. శవం ఎక్కడుందో జిల్లాలో అందరికంటే ముందు అచ్చులో ప్రకటించినవాణ్ని నేనొక్కణ్నే. ఇన్‌స్పెక్టర్ గారు నా సమీక్ష ముందు పెట్టుకుని కూర్చున్నారు. మర్యాదస్తుడు, కుర్చీ ఇచ్చారు.

“శవం ఎక్కడుందో రాసినారు. సరే. కప్పింది బాగాలేదని కూడా రాసినారు. ఇన్నేళ్ల సర్వీసులో మాకు ఇంత సాయం చేసిన ముద్దాయిని నేను చూళ్లేదు.”

బొమ్మ చూసి రాశానని చెప్పాను. ఎడిటర్ గారి సొరుగులోంచి పుస్తకం తెప్పించారు. ఇన్‌స్పెక్టర్ గారు ముప్ఫయ్యొకటో పేజీ తీసి, చూసి, పుస్తకం నా వైపు తిప్పారు.

“ఇందులో తాటాకు యాడుంది?”

ఐదో గడిలో వీరాసామి గొంతు పట్టుకుని ఉన్నాడు. ఆరో గడిలో ఒక గిడ్డంగి. గోనె సంచులు, ఒక లాంతరు, సంచుల సందున ఒక కాలు, కాలికి పావు అంగుళం పక్కన ఎర్రటి నెత్తురు. ఆ గోనె సంచుల చుట్టూ నా పెన్సిలు సున్న. మార్జిన్‌లో నా చేతిరాతలో ‘తాటాకు తలకిందులు’. నా బాణం గుర్తు లాంతరు పక్కన ఖాళీ గోడను చూపిస్తోంది. దాని పక్కన ‘ఎవరీమె?’

అది నా కాపీయే. అట్ట మీద కాఫీ మరక కూడా నాదే. పేజీ చింపి అతికించిన ఆనవాలు లేదు. కుట్టు విప్పలేదు. అన్నీ వాళ్లూ చూశారు, నేనూ చూశాను.

ఎడిటర్ గారిని పిలిచారు. చెప్పుల మనిషిని తాను కళ్లారా చూశానని ఆయన చెప్పారు. గట్టిగానే చెప్పారు. పేజీ చూపించాక చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. ఆ తర్వాత పత్రికలో డిటెక్టివ్ పుస్తకాల సమీక్ష ఆపేశారు. కారణం అడిగితే చోటు లేదన్నారు.

నన్ను మూడు రోజులు అడిగిందే అడిగారు. ఏడాదిగా నేను ఆ వైపు పోలేదన్నది తేలింది. నా నిర్లక్ష్యం నాకు పనికొచ్చిన సందర్భం అదొక్కటే. నాలుగో రోజు ఉప్పు ఎత్తే లారీల గుమాస్తా దొరికాడు. కుప్ప తవ్వారని వినగానే పారిపోయి, బంధువుల ఇంట్లో దాక్కుని, అడగకముందే ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం కూలీలు పోయాక, లెక్క కట్టి ముద్రలు వేసిన కుప్పల్లోంచి గుమాస్తా దొంగతనంగా ఉప్పు తీస్తుంటే చిన్నాయన చూశాడు. గుమాస్తా ఆయన్ను పారతో కొట్టాడు. కుప్ప నెత్తిన గొయ్యి తీసి పెట్టాడు కాబట్టి ఆకు కూడా నెత్తి నుంచే కప్పుకుంటూ దిగాడు. పట్నంవాడు, జీవితంలో ఎన్నడూ ఆకు కప్పి ఎరగడు. బొమ్మల పుస్తకాలు చదువుతావా అని అడిగారట. తన కళ్లకు అంత చిన్న అక్షరాలు ఆనవన్నాడు.

పులికాట్ ఆవిడ కూడా దొరికింది. కూతురి కాన్పుకు ఇంటికి పోయిందట. చెప్పిపోవాల్సిన మేస్త్రీ ఆ రోజు కనిపించలేదట, అందుకని చెప్పకుండా పోయింది.

నేను నెల్లూరులో ఆ సంచిక దొరికిన చోటల్లా తీసి చూశాను. రైల్వేస్టేషనులో, బస్టాండులో, మంగలి షాపులో. అన్నిట్లోనూ గోనె సంచులే. మద్రాసుకు ఉత్తరం రాశాను. ప్రచురణకర్త నుంచి కార్డు వచ్చింది. అచ్చు వేయని బొమ్మలో కూడా తప్పులు పట్టినందుకు ధన్యవాదాలు చెప్పి, తమ చిత్రకారుడు ఉప్పును అన్నంలో తప్ప ఇంకెక్కడా చూసి ఎరగడని రాశారు.

నేను రకరకాలుగా ఆలోచించాను. నా మనసులో ఉన్న కుప్పనే కాగితం మీద చూశానంటే, ఎడిటర్ గారు ఎవరి మనసులోంచి చూశారు? ఎవరి నోటో తాగుబోతు కుప్ప గురించి విని మరిచిపోయానంటే, చెప్పులు పట్టుకుని నిలబడటం అప్పటికింకా జరగలేదు. ఒక్క ఆలోచన మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. ఆ పుస్తకం ఎన్ని వేలమంది చదివినా, ఆకు వరసలు తప్పని పట్టగలిగేవాడు ఒక్కడే ఉండి ఉంటాడు. వాడికి అది నేర్పినవాడు ఎవరో వాడికి తెలుసు.

చిన్నమ్మ సంఘం పెద్దలను ఒక్కటే అడిగింది. సమాధి చేసే ముందు సంఘం పుస్తకం తెచ్చి, ఆయన పేరు మళ్లీ రాసి, అందరికీ వినపడేలా చదవమంది. పాస్టరు అయ్యగారు చదివారు. ఆమె ముందు వరసలో నిలబడి వింది. సమాధి మీద మట్టి వేశాక మూడో రోజున పెద్ద వాన మొదలైంది. వారం పాటు ఆగలేదు. ఆ కుప్ప అలాగే ఉండి ఉంటే నేను రాసినట్టే జరిగేది.

వానలు వెలిశాక చిన్నమ్మను చూడటానికి పోయాను. ఆ తర్వాత ఏటా పోతూనే ఉన్నాను. ఆ మొదటిసారి, అన్నం పెట్టి, బైబిల్లోంచి ఒక కాగితం తీసింది. నా సమీక్ష, కత్తెరతో నాలుగు వైపులా సమంగా కత్తిరించింది. కాఫీ హోటల్లో నేనన్న మాట ఆమెకు చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆమె విని, కాగితం మీద వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివింది. చివరికి వచ్చి ఆగింది.

“కుప్ప సంగతి సరిగ్గా రాసినావు. ఆకు సంగతి సరిగ్గా రాసినావు. ఇది మాత్రం తప్పు నాయనా.”

ఆమె వేలు ‘కథకు ఆమెతో పని లేదు’ అన్న మాటల మీద ఉంది.

జేబులోంచి పెన్సిలు తీసి ఆ మాటల చుట్టూ సున్న చుట్టాను. మార్జిన్‌లో ఏం రాయాలో తోచలేదు. ఆమె కాగితం మడిచి మళ్లీ బైబిల్లో పెట్టుకుంది.

అది ఇప్పటికీ అక్కడే ఉంది. పోలీసులు తిరిగిచ్చిన నా ‘నల్లతాడు’ కాపీ నా దగ్గర ఉంది. అప్పుడప్పుడు ముప్ఫయ్యొకటో పేజీ తీసి, మంచి వెలుతురులో, ఆరో గడి చూస్తుంటాను. గోనె సంచులు, లాంతరు, ఖాళీ గోడ. ఎవరీమె అని నా చేతిరాతే నన్ను అడుగుతుంది. ఆ ప్రశ్నకు మాత్రం జవాబు తెలుసు. తక్కినవాటికి నాకు ఈనాటికీ తెలియదు.